ఆపమంటే ఆపే డాక్టరు దొరికేదాకా

ఒక్క పన్ను తీయించుకున్నందుకు ఇంత రాయాలా అని మా ఇంట్లోనే అడిగారు. రాయాలి. పంటి డాక్టరంటే వణికేది ఈ లోకంలో నేనొక్కదాన్నే కాదు. కాకపోతే మిగతావాళ్ళు సిగ్గుపడి చెప్పుకోరు. దవడ పట్టుకుని, లవంగం బుగ్గన పెట్టుకుని, ఏం లేదు, చల్లగాలి తగిలిందంతే అని అబద్ధమాడతారు. నేనూ ఆడాను. ఇక ఆడదలుచుకోలేదు. నాకు భయం ఉండేది, ఇప్పటికీ కొంత ఉంది, దానికి నేనెవరికీ సంజాయిషీ ఇచ్చుకోను. నవ్వేవాళ్ళు నవ్వండి.

నా పేరు సునీత. సాతంరాయిలో ఉంటాం. పని ఎయిర్‌పోర్టులో. ఆ మాట అనగానే అందరూ లిప్‌స్టిక్కూ, చక్రాల పెట్టే ఊహించుకుంటారు. అదేం కాదు. నాది ఎండలో పని. విమానాన్ని గేటు దగ్గరి నుంచి ఒక బండితో వెనక్కి నెడతారు. దాన్ని టగ్ అంటాం. అలా నెట్టేటప్పుడు రెక్క చివర నేను నడుస్తాను. రెక్కకు నిచ్చెన గానీ, సామాన్ల బండి గానీ, మనిషి గానీ తగలకుండా చూడాలి. రెండు చేతుల్లో నారింజ రంగు కర్రలు, చెవులకు మోత ఆపే పెద్ద డిప్పలు. ఇంజన్ల మోతలో మాట పనిచేయదు కాబట్టి అన్నీ చేతి సైగలే. కర్ర పైకెత్తి పట్టుకుంటే దారి బాగుంది, రావచ్చు. రెండు కర్రలూ తల మీద అడ్డంగా పెడితే ఆగాలి. ఎత్తిన కర్ర కిందికి దిగిపోయినా ఆగాలి.

అక్కడొక కట్టుబాటుంది. ఆపింది పెద్ద సారైనా, నిన్నమొన్న పనిలో చేరిన పిల్లయినా సరే, ముందు ఆగుతారు. ఎందుకు ఆపావని తర్వాత అడుగుతారు. మళ్ళీ కదలాలంటే ఆపిన మనిషే చెయ్యెత్తాలి. ఇంకెవరూ ఎత్తడానికి లేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, నా పన్ను కథకు ఇదే ముఖ్యం.

పెళ్ళయిన కొత్తలో

షాద్‌నగర్ మా తల్లిగారి ఊరు. పెళ్ళయిన కొత్తలో అక్కడికి పోయినప్పుడు కింది పన్నొకటి సలపడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక పంటి దవాఖాన ఉండేది, ఇప్పుడు లేదు. ఆ డాక్టరు చెడ్డవాడని నేననను. మంచిగానే మాట్లాడాడు.

"నొప్పైతే చెయ్యి లేపమ్మా, ఆపేస్త" అన్నాడు.

నమ్మాను. సూది సరిగ్గా ఎక్కలేదో ఏమో, మిషన్ పెట్టగానే చుక్కలు కనిపించాయి. చెయ్యెత్తాను. "ఐపాయె, ఒక్క నిమిషం" అన్నాడు. మళ్ళీ ఎత్తాను. "జర ఓర్సుకో, ఒక్క నిమిషం." ఇంకోసారి ఎత్తేసరికి డాక్టరుకు సాయంగా పక్కన నిలబడిన ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి దించి, నా ఒళ్ళో పెట్టి అదిమింది. కోపంగా కాదు, చిన్నపిల్లను సముదాయించినట్టు.

ఆ నొప్పి మరిచిపోయాను. అన్నేళ్ళు ఏ నొప్పీ గుర్తుండదు. నా చెయ్యిని దించిన ఆ చెయ్యి మాత్రం గుర్తుంది. నోట్లో ఇనుము, నాలుక కింద దూది, అరవడానికి లేదు. నాకు మిగిలింది ఆ ఒక్క చెయ్యి. దాన్ని కూడా లాక్కున్నారు. కుర్చీ దిగి బయటికి వచ్చాక, చస్తే మళ్ళీ ఇది ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. నేను ఒట్టు పెడితే నిలబెట్టుకునే మనిషిని, అదే నా ఖర్మ.

రంజాన్ నెల

ఈ ఏడు రంజాన్ మొదలయ్యే నాటికి ఎడమవైపు కింది దవడ పన్ను నా మీద పగబట్టింది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది, వేడి చాయ్ తగిలితే చెవి దాకా లాగేది. లవంగాలు అయ్యాయి, ఉప్పునీళ్ళు అయ్యాయి, మెడికల్ షాపులో పేరు చెప్పకుండా రంగు చెప్పి కొనుక్కునే గోలీలు కూడా అయ్యాయి. పంటి బిగువున ఓర్చుకోవడం అంటారు కదా. ఆ పన్నే పాడైతే మనిషి ఏ బిగువున ఓర్చుకోవాలో చెప్పినవాళ్ళు లేరు.

నాకు అవతలి రెక్క దగ్గర నడిచేది ఫర్హానా. శంషాబాద్ పిల్ల. నాకంటే చాలా చిన్నది, నోరు మాత్రం పెద్దది. నేను డబ్బాలో అన్నం కెలకడం చూసి, పొద్దంతా ఉపవాసం ఉన్న పిల్ల, సాయంత్రం డ్యూటీలో తన హలీమ్‌లో సగం నా డబ్బాలో వేసింది.

"తినక్కా. నమిలే పనే లేదు. నీ పండ్లు సెలవు పెట్టినయ్ గద."

"ఏం లేదే, జర గాలి తగిలింది."

"అరె, గాలి నీకొక్కదానికే తగుల్తదా? నేను గూడ గా గాలిలోనే ఉన్న."

ఇంట్లో మా ఆయన శ్రీశైలం సంగతి వేరే. కొత్తూరులో ఒక కంపెనీలో మిషన్ మీద పని. పొద్దున్నే చాయ్‌లో సకినాలు ముంచుకుని, అవి మెత్తగా అయ్యేదాకా ఓపికగా కూర్చుని తినే మనిషి. గట్టివి తినొచ్చు కదా అంటే, నాకు నానితేనే రుచి అంటాడు. అట్లా మెత్తటి సకినం చప్పరిస్తూ నాకు నీతులు చెప్పేవాడు.

"ఇద్దరు పిల్లల్ని కన్నవ్. గింత పన్నుకు భయపడ్తవేందే?"

"కన్నప్పుడు నా నోరు నాకున్నది. దవాఖాన ఎగిరిపోయేటట్టు అరిచిన. ఆడ ముందుగాల నోరే గుంజుకుంటరు. తెల్సా నీకు?"

తెలియదన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు నేను దాచిపెట్టుకున్నాను, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని.

ఎండలు ముదిరాక

ఒక మధ్యాహ్నం విమానాన్ని వెనక్కి నెడుతున్నాం. టగ్ నడిపేది యాదగిరన్న. నేను ఎడమ రెక్క దగ్గర కర్ర పైకెత్తి నడుస్తున్నాను. దారి బాగానే ఉంది. ఉన్నట్టుండి పన్నులో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నాకు తెలియకుండానే ఎత్తిన చెయ్యి దిగి బుగ్గ మీదికి పోయింది.

టగ్ ఆగింది. దాని ముందు అంత పెద్ద విమానం, లోపల నిండా జనం, అంతా ఆగింది. నేను తేరుకుని చూస్తే యాదగిరన్న రెండు చేతులూ స్టీరింగ్ మీది నుంచి ఎత్తి నాకు చూపిస్తున్నాడు, నేను ఆగిన, నువ్వు చెప్పేదాకా కదల అన్నట్టు. ఊపిరి పీల్చుకున్నాను. కర్ర ఎత్తాను. అప్పుడే కదిలాడు.

పని అయ్యాక మా డ్యూటీలు చూసే సారు పిలిచాడు. ఎందుకు ఆగిందని యాదగిరన్నను అడిగాడు.

"సునీత చెయ్యి దిగింది సార్. ఆపిన. గంతే."

నన్ను అడిగాడు. అబద్ధం రాలేదు, పన్ను అని చెప్పాను. సారు అరవలేదు. అరిచినా బాగుండేది.

"చూడమ్మా, రేపు నీ చెయ్యి దిగాల్సిన టైముకు దిగకపోతే ఏమైతది? పన్ను బాగు చేయించుకో. అప్పటిదాకా రెక్క కాడికి రావద్దు. లోపల సామాన్ల దగ్గర ఉండు."

న్యాయమే. కానీ ఆ రెక్క నాకు ఊరికే వచ్చిందా? ఆడపిల్లలు ఎండకు ఆగరు అన్నవాళ్ళ ముందు నిలబడి సంపాదించుకున్న జాగా అది. లోపల బెల్టు పక్కన నిలబడి, గాజు అవతల వేరే పిల్ల నా రెక్క వెంట నడుస్తుంటే చూడాలి. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమొచ్చింది. నా చెయ్యి దిగితే విమానం ఆగిందిరా నాయనా! అదే చెయ్యి షాద్‌నగర్‌లో మూడుసార్లు లేస్తే అరచేతిలో పట్టే మిషన్ ఆగలేదు. తప్పు నా భయానిదా? ఇన్నేళ్ళూ నేను పిరికిదాన్నని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ రోజు సామాన్ల మధ్య నిలబడి, కాదు, నేను ఆ మిషన్‌కు భయపడలేదు, ఆగని మనిషికి భయపడ్డాను అని మొదటిసారి అనుకున్నాను.

అనుకున్నంత మాత్రాన కాళ్ళు వింటాయా? వినలేదు. ఆ ఆదివారం మా ఆయన బండి మీద శంషాబాద్‌లో ఒక పంటి దవాఖానకు తీసుకుపోయాడు. బయట చెప్పులు విడిచి లోపల కూర్చున్నాం. గోడ మీద ఇన్నిన్ని పళ్ళతో నవ్వుతున్న బొమ్మ. ఎవరికి వాళ్ళు బుగ్గ పట్టుకుని నేల చూస్తున్నారు. నా పక్కనున్న పెద్దామె తన కొంగుతో నా చెమట తుడిచింది. పేరు కూడా అడగలేదు. అప్పుడు లోపల మిషన్ కూత మొదలైంది. విమానం ఇంజన్ పక్కన నిలబడే దాన్ని, ఆ దోమంత కూతకు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చిపడ్డాను.

మా ఆయన నా చెప్పులు చేత్తో పట్టుకుని వెనక వచ్చాడు.

"ఇజ్జత్ తీస్తున్నవ్ సునీతా. అందరు చూస్తున్నరు."

"చూడనియ్. వాళ్ళ పన్నా నా పన్నా?"

"మరి నీ జాగా పోతది, మంచిదేనా?"

"నా జాగా సంగతి నువ్వు తియ్యకు!"

బెంగళూరు హైవే పక్కన, లారీలు పోతుంటే, మొగుడూ పెళ్ళాం గొంతులు చించుకున్నాం. ఇల్లు చేరేదాకా నేను మాట్లాడలేదు. ఆ తర్వాత చాలా రోజులు తనే మాట్లాడలేదు. అన్నం గిన్నెల చప్పుడుతోనే మాట్లాడుకున్నాం.

మృగశిర

మృగశిర కార్తె నాడు మా వైపు ప్రతి ఇంట్లో చేపలు ఉడుకుతాయి. మా ఇంట్లోనూ చేపల పులుసు పెట్టాను. నేను తినలేదు. పొద్దుటికే బుగ్గ ఉబ్బి ఎడమ కన్ను చిన్నదైంది. నోట్లో వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఉమ్మి మింగాలంటే కూడా భయమేసింది. పుల్లటి వాసన ఇల్లంతా నిండింది. పిల్లలు పళ్ళేల ముందు కూర్చుని తినకుండా నన్నే చూస్తున్నారు. చచ్చిపోతానేమో అనుకున్నాను. దాచడం దేనికి, అనుకున్నాను.

మా ఆయన ముద్ద వదిలేసి బండి తీశాడు. మాట్లాడుకోని రోజులు అక్కడితో అయిపోయాయి. మామూలు దవాఖానలో డాక్టరు గొంతు నొక్కి చూసి మందులు రాశాడు. "వాపు తగ్గినంక పన్ను తీయించాల్సిందే. మళ్ళీ ఇట్లనే వచ్చి గొంతులోకి దిగితే ఊపిరి ఆడదు. అప్పుడు నా దగ్గరికొచ్చినా లాభం లేదు" అన్నాడు. మా ఆయన ముఖం పాలిపోయింది. వచ్చేటప్పుడు బండి మీద, ఎన్నడూ లేనిది, ఒక చేత్తో నడుపుతూ ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు చేతులతో నడుపు, పడేస్తవ్ అన్నాను. ఆ వాచిన మూతితో నేనన్నది ఆయనకు అర్థం కాలేదు.

వాపు తగ్గాక

ఫర్హానా తన అమ్మకు పళ్ళు కట్టిన ఒక లేడీ డాక్టరును చూపిస్తానంది. ఆంధ్ర నుంచి వచ్చి శంషాబాద్‌లో చిన్న దవాఖాన పెట్టుకున్నావిడ. నేను ఒక షరతు మీద వస్తానన్నాను: మాట్లాడటానికే వస్తాను, నోరు తెరవను.

"నేనీ రోజు నోరు తెరవ మేడమ్. అడుగుదామని వచ్చిన" అన్నాను గడప దగ్గరే.

"తెరవొద్దండి. ఆ కుర్చీ కూడా వద్దు, ఇలా బల్ల దగ్గర కూర్చుందాం. చెప్పండి."

చెప్పాను. షాద్‌నగర్, చెయ్యి, ఒళ్ళో పెట్టి అదిమిన సంగతి, అంతా. మా పని దగ్గరి కట్టుబాటు కూడా చెప్పాను. "ఆపమంటే ఆపాలె. ఒక్క నిమిషం అనొద్దు. ఎందుకని అడగొద్దు. మళ్ల నేను చెయ్యెత్తితేనే మొదలుపెట్టాలె. ఇది మీకు నడుస్తదంటే చెప్పండి, లేకుంటే నేను పోత."

 "ఒక్క నిమిషం అని నేనూ అంటూ ఉంటానండి. అలవాటైపోయింది" అంది ఆవిడ. "మీ దగ్గర అననని మాటిస్తున్నాను."

మొదటిసారి ఒక డాక్టరు మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. నేను తప్పు చేయను అన్నవాళ్ళను చాలామందిని చూశాను, నమ్మలేదు.

ఇంకో మాట అడిగాను. మిషన్ కూత నాకు పడదు, నా డిప్పలు తెచ్చుకుంటాను. అవి పెట్టుకుంటే మీ మాట వినబడదు, మీరు కూడా చేతులతోనే చెప్పాలి. ఆవిడ నవ్వి సరేనంది. మేం విమానం కదిలించే ముందు సైగలన్నీ ఒకసారి సరిచూసుకుంటాం. అట్లాగే ఆ బల్ల దగ్గర సరిచూసుకున్నాం. సూదికి ఒక వేలు. గట్టిగా ఒత్తిడి పడేటప్పుడు పిడికిలి. నేను చేతులు అడ్డంగా పెడితే ఆవిడ పనిముట్లు వదిలి రెండు చేతులూ ఖాళీగా చూపించాలి. ఫర్హానా పక్కన కూర్చుని పరీక్ష పెట్టే టీచరమ్మలా చూసింది.

"చేతులు ఇంక పైకి మేడమ్! కానరావాలె గద" అని డాక్టరమ్మనే దిద్దింది.

బోనాల ముందు

ఆ రోజు మా ఆయన సెలవు పెట్టాడు. ఆయన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. కుర్చీ ఎక్కాను. భయం పోయిందని మీకు అబద్ధం చెప్పను. భయంతోనే ఎక్కాను. డిప్పలు పెట్టుకున్నాను, లోకం నిశ్శబ్దమైంది. ఒక వేలు. సూది. కొంతసేపటికి పెదవి నాది కానట్టయింది.

ఆవిడ పనిముట్టు నోట్లో పెట్టగానే చేతులు అడ్డంగా పెట్టాను. నొప్పి లేదు. ఊరికే ఆపాను, ఆపుతుందో లేదో చూద్దామని. ఆపింది. రెండు ఖాళీ చేతులు గాలిలో. ఎందుకని కళ్ళతో కూడా అడగలేదు. చెయ్యెత్తాను. మొదలుపెట్టింది. కొంచెం అయ్యాక మళ్ళీ ఊరికే ఆపాను. మళ్ళీ ఆపింది. బయట జనం ఉన్నారు, ఆవిడకు పనులున్నాయి, అయినా ఆపింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికి కాదు.

తర్వాత పిడికిలి చూపించింది. ఒత్తిడి పడింది. దవడ ఎముకలో కరకరమని చప్పుడు. ఆ చప్పుడు లోపలి నుంచి వస్తుంది, డిప్పలు ఆపలేవు.  ఈసారి నిజంగా చేతులు అడ్డంగా పెట్టాను. ఆవిడ ఆగింది.

ఇక గదిలో ఏదీ కదలలేదు. దిగి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపరు. ఎవరూ నా చెయ్యి పట్టుకోరు. డాక్టరమ్మ చేతులు గాలిలోనే ఉన్నాయి. మా ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది అసలు బరువు. ఆపింది నేను, కదలమనాల్సిందీ నేనే. షాద్‌నగర్‌లో నా చేత బలవంతంగా చేయించారు కాబట్టి వాళ్ళను తిట్టుకోవడానికి వీలుంది. ఇక్కడ తిట్టుకోవడానికి ఎవరూ లేరు. పన్ను కావాలా, రెక్క కావాలా అని నన్ను నేనే అడుక్కున్నాను. గొంతులోకి దిగితే ఊపిరి ఆడదన్న మాట గుర్తొచ్చింది. చేపల పులుసు ముందు తినకుండా కూర్చున్న పిల్లలు గుర్తొచ్చారు.

నా చెయ్యి నేనే ఎత్తాను. ఎత్తిన చెయ్యి దించలేదు. పన్ను వచ్చేసేదాకా అట్లాగే పట్టుకున్నాను.

వచ్చింది. ఇంతే ఉంది, నల్లగా, వంకర కాళ్ళతో. దీనికోసమా ఇన్నేళ్ళు! బయట ఫర్హానా నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నేను మాట్లాడలేక దాని వీపు తట్టాను.

ఇప్పుడు

కుట్లు ఊడాక సారు మళ్ళీ రెక్క ఇచ్చాడు. మొదటి రోజు యాదగిరన్న టగ్ ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి నోరు తెరిచి చూపించమన్నాడు, సంతలో ఎద్దును చూసినట్టు. నాలుగు తిట్టి పంపాను. ఆ మధ్యాహ్నం నా కర్ర ఎంత ఎత్తున ఉందో దేవుడికే తెలియాలి.

మీలో ఎవరైనా నాలాగే దవడ పట్టుకుని తిరుగుతుంటే ఒక్క మాట. ధైర్యం తెచ్చుకో అని అందరూ చెబుతారు. నేను చెప్పను. ధైర్యం కోసం చూసుంటే నేనింకా లవంగాలు నములుతూ ఉండేదాన్ని. భయంతోనే పోయి, ఆపమంటే ఆపుతారా అని అడగండి. మాట నిలబెట్టుకోని డాక్టరయితే కుర్చీ దిగి వచ్చేయండి, చెప్పులు చేత్తో పట్టుకునైనా సరే. ఇంకో డాక్టరును వెతుక్కోండి. కానీ వెతకడం మానకండి, నాలా ఊపిరి మీదికి తెచ్చుకోకండి.

ఇక మా ఆయన. మొన్న ఆదివారం పొద్దున చాయ్ పోసి సకినాలు పెట్టాను. ఎప్పటిలాగే ముంచి, నానేదాకా చూస్తూ కూర్చున్నాడు. నేనూ ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళు నా కళ్ళు ఏం చేశాయో నాకు తెలియదు. తీసిన సకినం నోట్లో కుడివైపే పెట్టుకున్నాడు. ప్రతిసారీ కుడివైపే.

"ఎప్పటిసంది?" అన్నాను.

"ఏంది ఎప్పటిసంది?"

"పన్ను."

"ఏం లేదు. జర గాలి తగిలింది."

నేను దాచిపెట్టుకున్న నవ్వు బయటికి తీయాల్సింది అప్పుడే. తీయబోయాను కూడా. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూడకుండా, మెల్లగా అడిగాడు.

"ఆమె... నిజంగ ఆపుతదా?"

నవ్వు రాలేదు. లేచి పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఆపుతది. నేను గూడ నీ పక్కన్నే నిలబడ్త. నీ చెయ్యి ఎవ్వర్ని దించనియ్య."